ఆగని అడుగుకు వందనం

ఓ మనిషి అడుగా! చిరుత వేగం నీకు లేదు, జింక గెంతు లేదు, ఎలుగు గోరు లేదు. అయినా మండుటెండలో, దూరాభారంలో నీకు సాటి వచ్చే జీవులు తక్కువ.

పరిగి నేలకు ఎండ కొత్త కాదు. జయమంగళి ఏరు వచ్చి పెన్నలో కలిసే సీమ ఇది. అయినా ఏట్లో నీళ్లకంటే ఇసుకే ఎక్కువ కనిపిస్తుంది. వాన మొగం చాటేసిన మిట్టమధ్యాహ్నం, వేపచెట్టు కింద మేక డొక్కలెగరేస్తూ రొప్పుతుంది. పక్కన శెనక్కాయ చేలో కలుపు తీసే అక్క వంచిన నడుము ఎత్తదు. ఆమె మెడ మీద చెమట ధార కడుతుంది, గాలి తగిలి ఆరుతుంది, తెల్లని ఉప్పు చారగా మిగులుతుంది. చెమటా, నీకు జై!

మన ఒంటి మీద 20 లక్షలకు పైగా స్వేదగ్రంథులు. చెమట ఆరేకొద్దీ ఒళ్లు చల్లబడుతుంది. జింకలాంటి నాలుగు కాళ్ల జంతువు ప్రధానంగా రొప్పే చల్లబడాలి. దౌడు తీస్తూ సరిగా రొప్పలేదు, ఆగి తీరాలి. దాన్ని ఆగనివ్వకపోవడమే ఆదిమ వేటగాడి ఆయుధం. ఆఫ్రికాలోని కలహారి ఎడారిలో శాన్ తెగ వేటగాళ్లు కుడూ జింకను గంటల తరబడి తరిమి, అది కదల్లేక నిలిచిపోయేదాకా జాడ వదిలేవారు కాదు. సాగి ముడుచుకునే మడమ నరం, తల ఊగకుండా పట్టే మెడ బంధం, ఒళ్లు ముందుకు తూలకుండా ఆపే పిరుదు కండ దూరపు పరుగు ఇచ్చిన వరాలేనని 2004లో బ్రాంబుల్, లీబర్‌మన్ అనే పరిశోధకులు ‘నేచర్’ పత్రికలో వాదించారు. ఆ చర్చ ఇంకా ముగియలేదు. 2024లో మోరిన్, వింటర్‌హాల్డర్ అనే మరో ఇద్దరు పరిశోధకులు పాత రాతల్లోంచి దాదాపు 400 తరుము వేటల్ని వెలికితీశారు.

మన లేపాక్షి పైకప్పు చిత్రాల్లోనూ వేట ఉంది. పంది ఒక్కటి, కొట్టినవాళ్లు ఇద్దరు: కిరాతుడి వేషంలోని శివుడు, అర్జునుడు. వేట ఎవరిదన్న తగవు శివుడికీ తప్పలేదు. అహోబిలం నరసింహుడు కనుమనాడు పారువేట ఉత్సవానికి బయలుదేరి వారాల తరబడి ఊరూరా తిరుగుతాడు.

ఇప్పుడు కృష్ణజింకకు 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం కాపు. వేట పోవడమే న్యాయం. పరుగు మాత్రం మిగిలింది. తెల్లారకముందే రోడ్డెక్కిన మన పిల్లలు కానిస్టేబుల్ కొలువు కోసం 1600 మీటర్లు పరిగెడుతున్నారు.

అయ్యా, అమ్మా! ఒంట్లో నీళ్లుంటేనే చెమట. ఎండలో పనిచేసేవాళ్లకు నీళ్లు, నీడ, కాసింత విరామం ఇవ్వడం దయ కాదు, బాధ్యత. పరిగెత్తే పిల్లలకు ఊరూరా ఓ మైదానం మిగల్చండి.