గుండీ గురించి అడగని అమ్మాయి

న్యూజిలాండ్‌లోని మా మౌంట్ ఆల్బర్ట్‌లో ఆల్బర్టన్ అని ఓ పాత భవంతి ఉంది. 1863లో పొలం ఇల్లుగా మొదలై, వరండాలూ బురుజులూ తగిలించుకుంటూ పెరిగింది. కట్టించిన అలన్ కెర్ టేలర్ ఇండియాలో పుట్టినవాడు. ఆ వరండాలు చూస్తే మన కలెక్టరు బంగళాలే గుర్తొస్తాయి. మొదటి భార్య పోయాక సోఫియాను చేసుకున్నాడు. అతను పోయాక ఎస్టేటు ఆవిడే నడిపింది, ఆడవాళ్ల ఓటు కోసం గట్టిగా మాట్లాడింది. పెళ్లి చేసుకోని కూతురు మ్యూరియల్ 1972లో పోతూ ఇంటిని వారసత్వ ట్రస్టుకు రాసిచ్చింది. ఇప్పుడది మ్యూజియం.

గాథిక్ నవల రాసేవాళ్లకు ఇంకేం కావాలి! ఆ కుటుంబాన్ని మాత్రం కథలోకి లాగలేదు. నాకు గోడలూ మెట్లూ చాలు.

నా కథ 1880ల నాటిది. ఇంటి పెద్దమ్మాయి, పిల్లలకు పాఠాలు చెప్పడానికొచ్చిన గవర్నెస్. ఇద్దరి మధ్యా నిదానంగా ప్రేమ పుట్టాలి. చిక్కంతా ఇక్కడే. మనకలవాటైన ప్రేమకథలో నాన్నో కులమో అడ్డుపడి పేజీలు నింపుతాయి. ఇద్దరాడవాళ్లు ఒకే గదిలో గంటలకొద్దీ కూర్చుంటే ఆ రోజుల్లో అడిగేదెవరు? న్యూజిలాండ్‌లో 1986 దాకా మగవాళ్ల మధ్య సంబంధం నేరం. ఆడవాళ్ల ఊసే అప్పటి చట్టంలో లేదు. మరి ఆలస్యం దేనికి? తమకేమవుతోందో వాళ్లకే అంతుపట్టక. అంటే ప్రేమ కూడా ఓ మిస్టరీయే. అందుకని ఇంటి మిస్టరీకీ ప్రేమకీ ఒకే ఆధారం పెట్టాను.

పెద్దమ్మాయి గౌనుకు గుండీలు వీపు వైపుంటాయి, ఇంకొకరు పెట్టాల్సిందే. మొదట్లో గవర్నెస్ గబగబా పెట్టేస్తుంది. కొన్నాళ్లకు మెడ దగ్గరి గుండీ వేరే రంగు దారంతో కుట్టి ఉండటం కనిపెడుతుంది. ఊడిపోయిన అసలు గుండీ, తాళం వేసిన గదిలో దొరుకుతుంది. అడగాలి. అడిగితే ఆ మెడ వంక అంతసేపు చూశానని ఒప్పుకోవాలి. అడగదు.

1872లో పుస్తకంగా వచ్చిన షెరిడన్ లె ఫాను ‘కార్మిల్లా’లో ప్రేమించినదే రక్తపిశాచి, చివరికి ఆమెను చంపేస్తారు. ఆ కథంటే ఇష్టమే గానీ ఆ శిక్ష నచ్చదు. నా నవలలోనూ దయ్యముంది, దాని గొడవ వేరు. ‘తులసిదళం’ లాంటి చేతబడి నవలలు చదివి పెరిగినవాళ్లం కదా, దయ్యమనగానే ఎవరు పంపారంటాం. దీన్నెవరూ పంపలేదు, ఆ ఇల్లే సాకుతోంది.

చిత్తుప్రతి చదివి మా అక్క హైదరాబాద్ నుంచి ఫోన్ చేసింది. “సగం పుస్తకమైంది, చెయ్యైనా పట్టుకోరేమే?”

“పట్టుకుంటే గుండీ సంగతి బయటపడుతుందక్కా.”

“అయితే ఆగనీలే” అంది.