పెద్దపిల్ల ఏం పాపం చేసింది? 'గురు' సినిమా మీద ఒక చర్చ

సినిమా అయిపోయింది. తిరువూరులో ఒక దళితపేటలో చర్చి గోడకి తెల్లదుప్పటి కట్టి 'గురు' వేశాం. ఆఖరి పోటీలో రాముడు గెలవగానే పిల్లలు ఈలలేశారు. కుర్రాళ్ళు లేచి గాల్లోకి గుద్దులు విసిరారు. జనం చాపలు చుట్టుకుని లేస్తుంటే, పొద్దుటంతా మామిడితోటలో పనిచేసి వచ్చిన ఒక పెద్దామె మా దగ్గరకొచ్చి అడిగింది: "సినిమా బానే ఉందిగానయ్యా, ఆ పెద్దపిల్ల ఏం పాపం చేసింది?"

అప్పటికప్పుడు మా దగ్గర జవాబు లేదు. 'అట్టడుగు ఆడపిల్ల గెలుపు' అని చెప్పి మేమే ఆ సినిమాని పరిచయం చేశాం. పెద్దామె ప్రశ్న ముందు ఆ మాట చిన్నబోయింది. ఆ ప్రశ్న పట్టుకుని సినిమాని మళ్ళీ చూశాం. ఈ వ్యాసం ఆ రెండో చూపులోంచి వచ్చింది.

ముందు సినిమా ఎట్లా తయారైందో చెప్పుకోవాలి. దర్శకురాలు సుధ కొంగర మణిరత్నం దగ్గర సహాయకురాలిగా పనిచేసి వచ్చిన మనిషి. ఈ కథని ముందు తమిళంలో 'ఇరుది సుట్రు'గా, హిందీలో 'సాలా ఖడూస్'గా తీశారు. రెండూ 2016 జనవరిలో వచ్చాయి. రెండింట్లోనూ కోచ్ మాధవన్. 2017 మార్చి 31న తెలుగులో 'గురు'గా వచ్చినప్పుడు కోచ్ వేషం వెంకటేష్‌ది. ఎస్. శశికాంత్ నిర్మాత, సంతోష్ నారాయణన్ సంగీతం. మూడు భాషల్లోనూ మారనిది రితికా సింగ్. ఆమె సినిమా కోసం బాక్సింగ్ నేర్చుకున్న నటి కాదు. 2009 ఆసియా ఇండోర్ క్రీడల్లో దేశం తరఫున ఆడి, 2013లో సూపర్ ఫైట్ లీగ్‌లో పోటీచేసి, ఆ తర్వాతే కెమెరా ముందుకొచ్చింది. తమిళంలో చేసిన పాత్రకి 63వ జాతీయ చలనచిత్ర అవార్డుల్లో ప్రత్యేక ప్రస్తావన దక్కింది.

తెలుగు సినిమాలో ఇది చిన్న విషయం కాదు. మనకి రింగు కొత్త కాదు. 'తమ్ముడు' (1999), 'అమ్మ నాన్న ఓ తమిళ అమ్మాయి' (2003), మొన్నమొన్నటి 'గని' (2022), అన్నింట్లోనూ రింగు ఉంది. కానీ వాటిల్లో రింగంటే కుటుంబం బాకీ తీర్చుకునే చోటు. తండ్రి మెప్పో, అన్న పగో, పోయిన ఇంటిపేరో కొడుకు గుద్దులు గుద్ది వెనక్కి తెచ్చుకుంటాడు. అంటే రింగు కూడా ఒక వారసత్వపు ఆస్తే. ఆస్తి లేనివాళ్ళకి అక్కడ పనేముంది? ఆ రింగులోకి పేటలోని ఆడపిల్లని దింపడం, ఆ పాత్రకి నిజంగా గుద్దడం తెలిసిన అమ్మాయిని తేవడం 'గురు' చేసిన మంచిపని. దాన్ని తక్కువచేయాల్సిన అవసరం మాకు లేదు.

గుద్దు చేతిలో పుట్టదు. కాలిమడమ దగ్గర మొదలై, నడుం తిరిగి, భుజం మీదుగా పిడికిలికి చేరుతుంది. తెలియనివాళ్ళు గుద్దితే చెయ్యొక్కటే కదులుతుంది. కెమెరా ఆ అబద్ధాన్ని దాచడానికి ముఖం ఒక ముక్కలో, పిడికిలి ఇంకో ముక్కలో చూపిస్తుంది. రితిక ఒళ్ళు ఒకటిగా కదులుతుంది, అందుకే ఆమె ఆడే చోట సినిమా నమ్మకంగా ఉంటుంది. శ్రమ తెలిసిన పేట జనం దాన్ని వెంటనే పట్టుకున్నారు. "ఈ పిల్లకి పనొచ్చు" అన్నాడొక ముఠా కూలీ. ఏ సమీక్షకుడూ ఇంతకన్నా బాగా చెప్పలేడు.

అయితే ఒళ్ళు విషయంలో చూపిన నిజాయితీ ఊరు విషయంలో చూపలేదు. 2016లో ఆ అమ్మాయిది ఉత్తర మద్రాసు. 2017కల్లా విశాఖపట్నం. రెండూ సముద్రమే, రెండూ ఓడరేవులే, రెండుచోట్లా పేదలే కదా అనుకున్నారు కాబోలు. కానీ పేదరికం ఎక్కడబడితే అక్కడ దింపుకునే సెట్టింగు కాదు. ఏ పేట అయినా ఎవరో ఒక కులంవాళ్ళు, ఏదో ఒక పనికోసం వలసొచ్చి, ఎవరో తరిమితే ఆగిన చోటు. రాముడిది ఏ పేట, ఏ కులం, వాళ్ళ తాతలు విశాఖకి ఎక్కడి నుంచి వచ్చారు అంటే సినిమా దగ్గర సమాధానం లేదు. మాసిన గోడలు చూపిస్తే చాలనుకుంది.

ఇక అక్కాచెల్లెళ్ళ సంగతి. అక్క పోలీసు ఉద్యోగం మీద ఆశతో ఏళ్ళ తరబడి బాక్సింగ్ నేర్చుకుంటోంది. చెల్లెలు నేర్చుకోలేదు, కానీ చెయ్యి లేపితే ఎదుటిమనిషి పడతాడు. కోచ్ కన్ను చెల్లెలి మీద పడుతుంది. రోజూ డబ్బిచ్చి మరీ ప్రాక్టీసుకి రప్పిస్తాడు. అక్క ఓర్వలేక, పోటీ ముందు చెల్లెలి చెయ్యి దెబ్బతీస్తుంది. అంతటితో ప్రేక్షకుడి మనసులోంచి అక్క పోతుంది. సినిమాకి కావాల్సింది కూడా అదే.

ఇక్కడ మనం గమనించాల్సిందేమిటంటే, సినిమా అక్కాచెల్లెళ్ళని రెండు రకాల మనుషులుగా విడదీసింది. ఒకరిది పుట్టుకతో వచ్చిన ప్రతిభ, ఇంకొకరిది ఉద్యోగం కోసం పడే పాట్లు. మొదటిది స్వచ్ఛం, రెండోది చౌక. ఈ విభజన మనకెక్కడో తెలిసిందే. 1990లో మండల్ కమిషన్ సిఫార్సులకి వ్యతిరేకంగా రోడ్లు ఊడ్చి, బూట్లు పాలిష్ చేసి నిరసన తెలిపిన విద్యార్థులు పట్టుకున్నది ఈ 'ప్రతిభ' జెండానే. ఊడ్చేపని, చెప్పులపని చేసే కులాల పిల్లలు దాన్ని చూస్తున్నారన్న ఎరుక వాళ్ళకి లేకపోయింది. ఆ జెండా ఎత్తుకున్నవాళ్ళ లెక్కలో ఉద్యోగం అడిగినవాడు ప్రతిభ లేనివాడు, ప్రతిభ ఉన్నవాడు ఉద్యోగం అడగడు. కడుపునిండినవాళ్ళే చేయగల వాదన ఇది. 'గురు' ఆ వాదన కావాలని చేసిందని మేం అనడం లేదు. ఆలోచించకుండా చేసింది, అది ఇంకా ప్రమాదం.

తిరువూరు సంగతి చూడండి. విజయవాడ నుంచి జగదల్‌పూర్ పోయే 30వ నంబరు జాతీయ రహదారి మీద, తెలంగాణ సరిహద్దుకి ఆనుకుని ఉన్న ఊరు. ఎస్సీలకి రిజర్వు చేసిన అసెంబ్లీ నియోజకవర్గం. తెల్లారకముందు ఆ రోడ్డు పక్కన పరిగెత్తే పిల్లల్ని చూశాం, ఆడపిల్లలు కూడా ఉన్నారు. ఆరోగ్యం కోసం కాదు, కానిస్టేబుల్ ఉద్యోగం కోసం. ఆంధ్రప్రదేశ్‌లో 6,100 కానిస్టేబుల్ పోస్టులకి 2022 నవంబరులో ప్రకటన వచ్చింది. 2023 జనవరిలో ప్రాథమిక పరీక్ష జరిగింది. 1600 మీటర్ల పరుగు, 100 మీటర్ల పరుగు, లాంగ్ జంప్ లాంటి దేహదారుఢ్య పరీక్షలు మొదలయ్యేసరికి 2024 డిసెంబరు ఆఖరు. దాదాపు రెండేళ్ళు ఆ పిల్లలు ఒళ్ళు చెడకుండా కాపాడుకోవాలి. పత్తి ఏరుతూ, మిరప కోస్తూ, ఎప్పుడు పిలుస్తారో తెలియకుండా పొద్దున్నే పరిగెత్తాలి. ఆ రాత్రి సినిమా చూసినవాళ్ళలో అట్లాంటి అమ్మాయి ఒకామె ఉంది. "ఉద్యోగం కోసం పరిగెడితే ఆట కాదా సార్? మేమేం సరదాకి పరిగెడతన్నామా?" అంది. పెద్దామె ప్రశ్నకి ఆమె సగం జవాబు చెప్పేసింది.

మిగతా సగం సినిమా పేరులో ఉంది. తమిళంలో ఆ పేరుకి అర్థం ఆఖరి రౌండ్, అంటే ఆటకి సంబంధించిన మాట. హిందీలో మొండి కోచ్‌ని తిట్టే మాట. తెలుగుకొచ్చేసరికి 'గురు' అయింది. తిట్టు పోయి దండం వచ్చింది. మన దేశంలో శిక్షకులకి ప్రభుత్వం ఇచ్చే పెద్ద గౌరవం 1985లో మొదలైన ద్రోణాచార్య అవార్డు. నిషాదుల పిల్లవాడు ఏకలవ్యుడి బొటనవేలు దక్షిణగా పుచ్చుకున్న ద్రోణుడి పేరు మీద ఆటల గురువుల్ని సన్మానించడం ఈ దేశంలో ఎవరికీ ఎబ్బెట్టుగా తోచలేదు. బాక్సింగ్‌లో దీని అర్థం ఇంకా సూటిగా ఉంటుంది. బొటనవేలు లేకుండా పిడికిలి బిగియదు.

ఇప్పుడు సినిమాని ఈ కథ పక్కన పెట్టి చూడండి. పాతకథలో కింది కులం పిల్లవాడి చెయ్యి పోగొట్టింది గురువు. 'గురు'లో పేట పిల్ల చెయ్యి దెబ్బతీసింది సొంత అక్క. గురువు చేసిన నేరం తీసుకెళ్ళి తోడబుట్టినదాని నెత్తిన పెట్టారు. గురువు మాత్రం కడిగిన ముత్యంలా మిగిలాడు. కోచ్‌కి కోపం ఉంది, తాగుడుంది, నోటిదురుసుంది, అన్నీ ఒప్పుకుంటాం. కానీ అతను ఒకరిని ఎంచుకుని ఒకరిని వదిలేసినప్పుడు, ఏళ్ళ తరబడి చెమటోడ్చిన పిల్లతో ఒక్కమాట చెప్పాలన్న బాధ్యత అతనికుందని సినిమాకి తోచలేదు. పెద్దామె అడిగిన పాపం ఇదే. పెద్దపిల్ల పాపం చేసిన మాట నిజం. దాన్ని చేయించినవాడు మాత్రం లెక్కలో లేడు.

చెల్లెలు చేసే ప్రాక్టీసు కూలిగా మొదలై ప్రేమగా మారడం కూడా ఇందులో భాగమే. మొదట డబ్బిస్తే వచ్చింది. అది న్యాయమైన లెక్క, పనికి కూలి. తర్వాత లెక్క పోయి గురువు మీద మనసు మిగిలింది. ఆమె గెలుపు చివరికి ఆయన బాధకి మందయింది. ఆడ బాక్సర్ల మీద అధికారుల వేధింపుల గురించి ఇంత గట్టిగా మాట్లాడిన తెలుగు సినిమా అరుదు. అదే సినిమా ఆమె పిడికిలిని మళ్ళీ ఒక మగవాడి చేతిలో దక్షిణగా పెట్టడం బాధాకరం.

ఇట్లా కాకుండా తీయొచ్చా? తీయొచ్చని పొరుగున పా. రంజిత్ చూపించాడు. 2021 జులై 22న అమెజాన్ ప్రైమ్‌లో వచ్చిన 'సార్పట్ట పరంబరై' తెలుగులోనూ దొరుకుతుంది. రంజిత్‌తో కలిసి రాసిన తమిళ్ ప్రభా చెన్నై పేట జీవితం మీద 'పేట్టై' నవల రాసిన రచయిత. ఆ సినిమాలో ఉత్తర మద్రాసు ఒక సెట్టింగు కాదు. 1970ల ఎమర్జెన్సీ, డిఎంకె రాజకీయం, ఓడరేవు కూలిపని, గోడమీద బుద్ధుడు, అంబేద్కర్ అన్నీ కలిసిన చోటు. తమిళ మూలంలో కబిలన్ అనే ఆ కూలీ చిన్నప్పటి నుంచి చూసి చూసి ఆట పట్టుకున్నవాడు. ఒక విధంగా ఏకలవ్యుడే. కానీ అక్కడ వాత్యార్ రంగన్ అతని వేలు అడగలేదు, తన పక్కన నిలబెట్టుకున్నాడు. ఓర్వలేనితనం ఆ సినిమాలోనూ ఉంది. గెలుపు అంచున ఉన్న కబిలన్‌ని తణిగ మనుషులు రింగులోనే బట్టలూడదీస్తారు. ఆ అసూయ వేళ్ళు కులంలో ఉన్నాయని సినిమా దాచలేదు. రంగన్ కొడుకు వెట్రి మనసు కష్టపెట్టుకుంటే, దాని కారణం కూడా చూపించింది. మనిషిని దుర్మార్గుడని తేల్చి పక్కకి నెట్టలేదు. లోపం లేదని కాదు. ఆ రింగు మగవాళ్ళది, ఆడవాళ్ళు బయట నిలబడి ఏడ్చేవాళ్ళూ తిట్టేవాళ్ళూను. 'గురు'లోని ఆడపిల్ల, 'సార్పట్ట'లోని పేట ఒకే సినిమాలో కలిసే రోజు ఇంకా రాలేదు.

నిజజీవితంలో మాత్రం ఆ పిల్లలు ఎప్పుడో వచ్చారు. విశాఖపట్నం బాక్సర్ ఎన్. ఉష ప్రపంచ పోటీల్లో వెండి పతకం గెలిచింది, 2020లో ధ్యాన్‌చంద్ అవార్డు అందుకుంది. నిజామాబాద్ ముస్లిం ఇంటి పిల్ల నిఖత్ జరీన్‌కి మొదట ఆట చూపించింది కన్నతండ్రే. 2019లో ఆమె సెలెక్షన్ ట్రయల్ న్యాయంగా పెట్టమని కేంద్ర క్రీడామంత్రికి బహిరంగంగా ఉత్తరం రాసింది. దయ అడగలేదు, పోటీ అడిగింది. 2022లో ఇస్తాంబుల్‌లో, 2023లో ఢిల్లీలో ప్రపంచ విజేతగా నిలిచింది. 2024 సెప్టెంబరులో తెలంగాణ పోలీసుశాఖలో డిఎస్పీగా చేరింది. పోలీసు ఉద్యోగంలో చేరినందుకు ఆమె ప్రతిభ తరిగిపోయిందా? ప్రపంచ విజేతకి తగిన ఉద్యోగం పేట పిల్ల కోరుకుంటే చౌక ఎట్లా అవుతుంది?

దళిత విమర్శ సినిమాల్లో దళితులున్నారా లేరా అని లెక్కపెట్టి ఊరుకుంటే చాలదు. గెలిచినవాళ్ళని చూపి ఓడినవాళ్ళని నిందించే పద్ధతిని పట్టుకోవాలి. ఇంటికొక్కరే గెలవగలిగే పోటీ పెట్టి, మిగిలినవాళ్ళు ఓర్వలేనివాళ్ళని ముద్రవేసే గురువుల్ని అడగాలి. మేం ఆ పని మొదట చేయలేదు, పెద్దామె చేసింది.

మర్నాడు తెల్లవారుజామున బస్సుకోసం నిలబడ్డాం. రాత్రి మాట్లాడిన అమ్మాయి రోడ్డు పక్కన పరిగెత్తుకుంటూ మమ్మల్ని దాటింది. ఆమె వెనకాల ఇంకో చిన్నపిల్ల, చెల్లెలేమో, చెప్పుల్లేకుండా పరిగెడుతోంది. అక్క వెనక్కి తిరిగి, ఆగి, చెల్లెలు అందుకునేదాకా నిలబడి, మళ్ళీ ఇద్దరూ కలిసి పరుగందుకున్నారు.