కన్యాశుల్కాన్ని ఏ శాఖలో చదవాలి?

మన కళాశాలల్లో సాహిత్యం ఒక గదిలో ఉంటుంది, అర్థశాస్త్రం పక్క గదిలో ఉంటుంది, నీతిశాస్త్రం తత్త్వశాఖవారి సొత్తు, వాణిజ్యం మేడమీద. పర్యాటకం కూడా ఇప్పుడొక పాఠ్యవిషయమే. ఎవరి గంట వారిది, ఎవరి ప్రశ్నపత్రం వారిది. బోధన సౌకర్యం కోసం మనం చేసుకున్న ఈ విభజన జీవితంలోనే ఉందని క్రమంగా నమ్మడం మొదలుపెట్టాం. దీనివల్ల సాహిత్యానికి జరిగిన నష్టాన్ని గురజాడ ‘కన్యాశుల్కం’ ఆధారంగా చర్చించదలిచాను. ఇందులో నా తప్పు కూడా ఉంది. ముందు అది ఒప్పుకోవాలి.

చాలా ఏళ్లు నేను ఎం.ఏ. విద్యార్థులకు ఈ నాటకం పాఠం చెప్పాను. ఏటా ఇంచుమించు ఒకే ప్రశ్న ఇచ్చాను: కన్యాశుల్కంలోని హాస్యాన్ని సోదాహరణంగా వివరించండి. ఒక సంవత్సరం ఒక విద్యార్థిని గిరీశం గురించి రెండు పేజీలు రాసి, మూడో పేజీలో దారి మార్చింది. సుబ్బికి పద్దెనిమిది వందల ధర ఎలా కుదిరింది? లుబ్ధావధాన్లు చేతిలో అంత రొక్కం ఎలా ఉంది? ఆ ఇంట్లో తల్లి వద్దని మొత్తుకుంటుంటే ఆమె మాట ఎందుకు చెల్లలేదు? ఇలా ప్రశ్నలు వేసుకుంటూ పోయి, చివర తన అక్క పెళ్లికి తండ్రి ఎకరంన్నర అమ్మాడని, కొన్నవాడు కొడుక్కి వచ్చిన కట్నం డబ్బుతోనే కొన్నాడని రాసింది. నేను ఎర్రసిరాతో ‘ప్రశ్నకు సంబంధం లేదు’ అని రాసి మార్కులు తగ్గించాను. సంబంధం లేనిది ఆమె జవాబుకు కాదు, నా ప్రశ్నకే నాటకంతో సంబంధం తెగిపోయిందని గ్రహించడానికి నాకు చాలా కాలం పట్టింది.

ఈ నాటకం 1892లో తొలిసారి ప్రదర్శితమై, 1897లో అచ్చయింది. ఆ మొదటి ముద్రణ పీఠికలో గురజాడ ఏం చేశాడో చూడండి. విశాఖపట్నం జిల్లా బ్రాహ్మణ కుటుంబాల్లో మూడేళ్లలో శుల్కం తీసుకుని చేసిన పెళ్లిళ్ల లెక్క ఇచ్చాడు. మొత్తం 1034. అందులో అయిదేళ్ల పిల్లలు 99 మంది, నాలుగేళ్లవారు 44, మూడేళ్లవారు 36, రెండేళ్లవారు 6, ఏడాది పసికందులు ముగ్గురు. ఆ పసికందుల ధర తలకు 350 నుంచి 400 రూపాయలు. కూడి చూస్తే అయిదేళ్లూ అంతకు తక్కువా వయసున్నవారు 188 మంది, అంటే వందకు పద్దెనిమిది మంది. నవ్వించే నాటకానికి ముందు రచయిత నిలబెట్టిన గుమ్మం ఇది. మనం ఆ గుమ్మం తొక్కకుండా గోడ దూకి లోపలికి వెళ్లి, హాస్యరసం దొరికిందని సంతోషిస్తున్నాం.

నాటకంలో హాస్యం లేదని నేననడం లేదు. దాని మూలం ఎక్కడుందన్నదే ప్రశ్న. కరటకశాస్త్రి తన శిష్యుడికి ఆడవేషం వేసి లుబ్ధావధాన్లుకు కట్టబెడతాడు. దీన్ని మనం వేషధారణ వల్ల పుట్టిన హాస్యమని పాఠం చెబుతాం. కాని ఆ వేషం ఎందుకు చెల్లింది? అది మనిషిని చూసి చేసే పెళ్లి కాదు, ధర చూసి చేసే బేరం కనుక. దళారి ఉన్నాడు, పోటీ సరుకుంది, రేటు లాభసాటిగా ఉంది. సరుకు ఆడపిల్ల అయినా కాకపోయినా వ్యాపారం ఆగదు. మనం నవ్వేది ఒక అంగడి నడిచే తీరును చూసి. ఈ సంగతి వాణిజ్యశాస్త్రం చదివిన కుర్రవాడికి చప్పున అర్థమవుతుంది. అలంకారశాస్త్రం మాత్రమే చదివినవాడికి అర్థం కాదు.

అగ్నిహోత్రావధాన్లును కేవలం మూర్ఖుడిగా, కోపిష్ఠిగా చిత్రించే వ్యాఖ్యానాలు కూడా ఇలాంటివే. శుల్కం ఇచ్చిపుచ్చుకునే సమాజంలో కొడుకు పెళ్లికి సొమ్ము కావాలంటే కూతురి పెళ్లిలో రాబట్టాలి. ఒక ఇంటి దురాశ ఇంకో ఇంటి అవసరంగా మారుతుంది. ఈ చట్రాన్ని వదిలేసి వ్యక్తి స్వభావాన్ని తిట్టడం తేలిక, దానివల్ల వ్యవస్థకు జరిగే హాని ఏమీ లేదు.

ఇక్కడ ఒక ఆక్షేపణ వస్తుంది, అది న్యాయమైనది. అంతా అర్థశాస్త్రమే అయితే నాటకమెందుకు, ఆ పట్టిక చాలదా? చాలదు. మన అభ్యుదయ విమర్శ కూడా కొన్నిసార్లు పాత్రలన్నిటినీ వర్గాల పేర్లతో సర్ది పెట్టి చేతులు దులుపుకుంది. పట్టికలో 1034 ఉన్నాయి గాని బుచ్చమ్మ లేదు. వయసు మళ్లినవాడికి అమ్ముడుపోయి వితంతువై పుట్టింట్లో మిగిలిన పిల్ల, గిరీశం లాంటివాడి మాటలను నమ్మి గడప దాటడానికి ఎంత ఒంటరితనం కావాలో ఏ లెక్కా చెప్పదు. లుబ్ధావధాన్లు కూతురు మీనాక్షి కూడా వితంతువే. అమ్మినవాడి ఇంట్లోనూ కొన్నవాడి ఇంట్లోనూ అదే దుఃఖాన్ని ఎదురెదురుగా నిలబెట్టడం సాహిత్యం మాత్రమే చేయగల పని.

నీతి విషయం కూడా అంతే. సౌజన్యారావు సిద్ధాంతం గలవాడు, వేశ్యల ముఖం చూడనన్నవాడు. కాని లేని పెళ్లికూతుర్ని చంపాడన్న నేరం నుంచి లుబ్ధావధాన్లును గట్టెక్కించే నిజం మధురవాణి నోటినుంచే రావలసి వచ్చింది. తనకొక ధర ఉందని బాహాటంగా ఒప్పుకున్న స్త్రీ, ధర ఉన్నా లేదని నటించే సంసారుల మధ్య నిజాయితీగా నిలబడింది. దీన్ని నీతిశాస్త్రపు గంటలో చర్చిస్తే ఎంత బాగుంటుంది! అక్కడ ఈ పుస్తకం ఉండదు.

విజయనగరంలో గురజాడ నివసించిన ఇల్లు స్మారకగృహంగా ఉంది. మేమూ ఒకసారి విద్యార్థులను తీసుకెళ్లాం. ఫొటోలు దిగాం, సాయంత్రానికి సముద్రం చూడడానికి బయలుదేరాం. ఆ ముంగిట కూచుని ఆ 188 మంది పిల్లల లెక్క చదివి ఉంటే అది యాత్ర కాస్తా పాఠమయ్యేది. నాకు తట్టలేదు.

కన్యాశుల్కం పోయింది. దాని స్థానంలోకి డబ్బు ఎదురుదిక్కుకు నడిచే వరకట్నం వచ్చింది. 1961లో నిషేధ చట్టం వచ్చినా అది చావలేదు. కనుక ఈ నాటకం కాలం చెల్లిన దురాచారం మీద ప్రహసనం కాదు. పెళ్లి బేరంగా ఉన్నంతకాలం ఇది మన ఇంటి జమాఖర్చుల పుస్తకం.

అధ్యాపక మిత్రులకు నా సూచన చిన్నది. కన్యాశుల్కం పాఠం పీఠికలోని పట్టికతో మొదలుపెట్టండి. పక్క గదిలోని అర్థశాస్త్ర అధ్యాపకుణ్ణి ఒక గంట పిలవండి. విద్యార్థులు తమ ఇళ్ల లెక్కలు రాస్తే ‘ప్రశ్నకు సంబంధం లేదు’ అనకండి. ఆ అమ్మాయికి నేను తగ్గించిన మార్కులు ఇప్పుడు తిరిగి వేయలేను. ఆమె వేసిన ప్రశ్ననైనా ప్రశ్నపత్రంలోకి ఎక్కించగలం.