చూడగానే తెలియాలి

చిన్న విమానాల్లో పైలట్ ముందు ఇదివరకు ఆరు గుండ్రటి మీటర్లు ఉండేవి. వేగం, ఎత్తు, దిక్కు, మలుపు, విమానం ఒరిగిన తీరు, పైకీ కిందికీ పోయే వేగం. ఒక్కోదానికి ఒక్కో మీటరు, దానికంటూ ఒక చోటు. ఇప్పుడు వాటి బదులు కంప్యూటర్ తెరలు వచ్చాయి. సెస్నా 172 విమానాల్లో బిగించే గార్మిన్ జీ1000 బాగా పేరున్నది. ఇందులో 10.4 అంగుళాల తెరలు రెండుంటాయి. అంకెలు పెద్దవి, రంగులు ముచ్చటగా ఉంటాయి. కానీ కనబడటం వేరు, చూడగానే తెలియడం వేరు. ఈ రెండోదాంట్లో ఇవి ఇంకా వెనకబడే ఉన్నాయని నా అభిప్రాయం.

ముందు మంచిని ఒప్పుకోవాలి. పాత మీటర్లు లోపం లేనివేం కావు. ఎత్తు చూపే మీటర్లో మూడు ముళ్లుండేవి. ఫిట్స్, జోన్స్ అనే అమెరికా పరిశోధకులు 1947లో, పైలట్లు మీటర్లను తప్పుగా చదివిన 270 సంఘటనలను పరిశీలించారు. ఎత్తును వెయ్యి అడుగుల తేడాతో చదవడం వాటిలో ముఖ్యమైన తప్పు. కొత్త తెర మీద ఎత్తు నేరుగా అంకెల్లో కనిపిస్తుంది. ఏదైనా పరికరం పనిచేయకపోతే ఆ చోట ఎర్రటి ఇంటూ గుర్తు పడుతుంది. ఇవి నిజంగా మేలైన మార్పులు.

మరి లోపం ఎక్కడ? ముల్లు ఏ మూల ఉందో చూస్తేనే సంగతి తెలిసిపోతుంది. గోడగడియారం చూసి బడికి ఇంకా పావుగంట ఉందని ఇట్టే చెప్పేస్తాం. అంకెల గడియారమైతే చదివి, లెక్క కట్టాలి. తెర మీద వేగం ఒక పట్టీలా పైకీ కిందికీ జరుగుతుంటుంది. అంకె చదవాలి, అది పెరుగుతోందా తగ్గుతోందా అని ఆలోచించాలి. అందుకే 6 సెకన్ల తర్వాత వేగం ఎంత ఉండబోతుందో చూపే గీత ఒకటి పక్కన చేర్చారు. ఉపయోగమే, కానీ చూడాల్సిన గుర్తు ఇంకొకటి పెరిగింది.

బొత్తాల సంగతీ అంతే. తెర కింద 12 బొత్తాలుంటాయి. ఒక్కోటి నొక్కేకొద్దీ మిగతావాటి అర్థం మారిపోతుంది. చేతికి అలవాటు కుదరదు, ప్రతిసారీ పేరు చదువుకోవాల్సిందే.

ఇంకో విషయం గమనించండి. విమానం మరీ ఎక్కువగా ఒరిగిపోతే ఈ తెర చిన్న మ్యాపులాంటివి తనంతట తానే తీసేసి, అవసరమైనవే ఉంచుతుంది. అంటే కష్టకాలంలో తక్కువ చూపడమే మేలని తయారుచేసినవాళ్లకూ తెలుసు. అయితే విమానం అంతగా ఒరిగేదాకా ఎందుకు ఆగాలి? దిగే సమయంలోనూ ఆ పొదుపు ఉండొద్దా?

ఇదేదో అందచందాల చర్చ కాదు. అమెరికా జాతీయ రవాణా భద్రతా మండలి 2002 నుంచి 2006 వరకు తయారైన 8,000కు పైగా చిన్న విమానాలను పోల్చి, 2010లో నివేదిక ఇచ్చింది. తెరలున్న విమానాల్లో మొత్తం ప్రమాదాల రేటు తక్కువే, కానీ ప్రాణాలు పోయిన ప్రమాదాల రేటు ఎక్కువ. అవి దూర ప్రయాణాలకు ఎక్కువగా వాడినవి కాబట్టి తప్పంతా తెరలదే అనడం న్యాయం కాదు. అయినా, తెర పెట్టినంత మాత్రాన భద్రత పెరగలేదని తేలిపోయింది. పైలట్లకు ఆ తెరల మీదే ప్రత్యేక శిక్షణ ఉండాలని కూడా మండలి చెప్పింది.

మన బెంగళూరులో ఎన్.ఏ.ఎల్. సంస్థ తయారుచేసిన హంస-ఎన్‌జీ 2021లో మొదటిసారి ఎగిరింది. ఇద్దరు కూర్చునే ఈ శిక్షణ విమానంలోనూ తెరలే. పైన బుడగలాంటి అద్దాల కప్పు, దాంట్లోంచి ఎండ బాగా పడుతుంది. కొన్ని రకాల చలువ కళ్లద్దాలు పెట్టుకుంటే ఇలాంటి తెరలు నల్లగా కనబడతాయి. కాబట్టి తెరలను గదిలో కాదు, మిట్టమధ్యాహ్నం ఎండలో, కొత్తగా నేర్చుకునేవాళ్ల చేత పరీక్షించాలి. వాళ్లు ఒక్క చూపులో వేగం, ఎత్తు చెప్పగలిగితేనే ఆ తెర పాసైనట్టు.