స్వచ్ఛలో ఆ చిన్న గీత

ప్యాకెట్ కట్టి అమ్మే ఆహారం మీద వివరాలు ఇంగ్లిషులోనో దేవనాగరి హిందీలోనో ఉండి తీరాలి. తెలుగు కావాలంటే పక్కన వేసుకోవచ్చు, వద్దనుకుంటే మానెయ్యొచ్చు. 2020 నాటి ఆహార లేబులింగ్ నిబంధనలు భాష గురించి చెప్పేది ఇంతే. అందుకే వరంగల్‌లో ఇంటి దగ్గర కారం పట్టించి పావు కిలో, అర కిలో ప్యాకెట్లు కట్టేవాళ్ల స్టిక్కర్లలో తెలుగు తరచూ ఒక మూలకు ఒదిగి ఉంటుంది. ధర, బరువు, బ్యాచ్ నంబరు, 14 అంకెల లైసెన్సు నంబరు, బార్‌కోడ్ అన్నీ సర్దుకున్నాక మిగిలిన చోటు దానిది. చిక్కేమిటంటే, ఇంగ్లిషు కంటే తెలుగుకే ఎత్తు ఎక్కువ కావాలి. గుడులూ ఏత్వాలూ పైకి లేస్తాయి, వత్తులు కిందికి దిగుతాయి. అందరికంటే పొడవైన మనిషికి అందరికంటే పొట్టి గది ఇచ్చినట్టు. లేబుల్ ప్రింటర్ పనితనం తెలియాలంటే చూడాల్సింది ఆ మూలనే.

వరంగల్ చపాటా మిర్చికి 2025లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. టమాటాలా ఉబ్బిన కాయ, ఘాటు తక్కువ, ఎరుపు ఎక్కువ. పచ్చళ్లకు పెట్టింది పేరు. ఎనుమాముల మార్కెట్‌లో బస్తాగా అమ్ముడుపోయేటప్పుడు మిర్చిని చేత్తో తడిమి, రంగు చూసి ధర కడతారు. పొడి చేసి కవర్లో పోశాక తడిమి చూసే వీలు ఉండదు. అప్పుడు సరుకు తరఫున మాట్లాడాల్సింది ఆ స్టిక్కరే. దాని మీద ‘స్వచ్ఛమైన కారం’ అని రాయాలనుకోని వాళ్లు అరుదు. ఆ ‘స్వచ్ఛ’ను గుర్తుంచుకోండి, ప్రింటర్ల బండారం బయటపెట్టేది అదే.

లేబుల్ ప్రింటర్ మూత ఎత్తి చూస్తే లోపల సామాను ఆశ్చర్యపోయేంత తక్కువ. కాగితం రోల్, దాన్ని లాగే నల్ల రబ్బరు రోలర్, రోలర్ మీద వాలి ఉండే హెడ్. నేరుగా కాగితాన్నే నల్లబరిచే రకంలో ఇంకు ఉండదు, పౌడర్ ఉండదు, అటూ ఇటూ పరుగెత్తే భాగమేదీ ఉండదు. హెడ్ అంటే సిరామిక్ పలక మీద ఒకే వరసలో పేర్చిన చుక్కంత హీటర్లు. మామూలు 203 డీపీఐ (అంగుళానికి 203 చుక్కల) యంత్రంలో మిల్లీమీటరుకు ఎనిమిది చొప్పున, నాలుగంగుళాల వెడల్పులో ఎనిమిది వందల పైచిలుకు ఉంటాయి. ప్రతి చుక్కకూ తెలిసింది రెండే పనులు: కాలడం, కాలకపోవడం. కాగితం మీద పూసిన రంగులేని రసాయనం, దాని పక్కనే ఉన్న ఇంకో రసాయనం ఆ వేడికి కరిగి కలిసి నల్లబడతాయి. ఈ పద్ధతికి దారి వేసినవారిలో ఒకరు టెక్సస్ ఇన్‌స్ట్రుమెంట్స్‌లో పనిచేసిన జాక్ కిల్బీ. ఇంటిగ్రేటెడ్ సర్క్యూట్‌కుగాను 2000లో ఆయనకు నోబెల్ వచ్చింది. మన కిరాణా కొట్టు బిల్లు వెనకా ఉన్నది ఆయనేనని ఎవరూ అనుకోరు.

హెడ్ కదలదు, కాగితమే కదులుతుంది. సెకనుకు నాలుగంగుళాల వేగమంటే ఎనిమిది వందలకు పైగా వరసలు. ఒక్కో వరసకు దక్కేది మిల్లీసెకను, ఆపైన కొసరు. వరంగల్ కొత్తవాడ మగ్గం మీద జంపఖానా కూడా ఇలాగే పేక తర్వాత పేక పడుతూ లేస్తుంది. అక్కడ చెయ్యి తప్పితే ఆ పేక విప్పి మళ్లీ వేయొచ్చు. ఇక్కడ కాలిన వరస కాలినట్టే.

నాకు ఈ యంత్రంలో అన్నిటికంటే నచ్చేది డబ్బా మీద ఎక్కడా రాయని ఒక పని. ఆ మిల్లీసెకనులో చుక్క వేడెక్కాలి, కాగితాన్ని నల్లబరచాలి, తర్వాతి వరసలో తెలుపు రావాల్సి ఉంటే చల్లారాలి కూడా. కానీ ఇప్పుడే కాలిన చుక్కలో వేడి ఇంకా మిగిలే ఉంటుంది. మళ్లీ అంతే వేడి ఇస్తే గీత అడుగున ఉబ్బుతుంది, సున్న పూడుకుపోతుంది. అందుకని మంచి ప్రింటర్ ప్రతి చుక్కకూ వెనకటి వరసల్లో ఏం జరిగిందో లెక్క పెట్టుకుంటుంది. కాలి ఉన్నదానికి కాస్త తక్కువ, చల్లగా ఉన్నదానికి కాస్త ఎక్కువ వేడి ఇస్తుంది. ఇంగ్లిషు పెద్దక్షరాల్లో నిటారు గీతలు ఎక్కువ కాబట్టి ఈ లెక్కలో పొరపాటున్నా పెద్దగా బయటపడదు. తెలుగు అక్షరమంతా వంపులే. గుండ్రటి గీత పైనుంచి మొదలై రెండుగా చీలి, మళ్లీ అడుగున కలుస్తుంది. ఆ కలిసేచోట లెక్క తప్పితే సున్న కాస్తా మచ్చవుతుంది.

ఇప్పుడు ‘స్వచ్ఛ’ దగ్గరికి వద్దాం. 8 పాయింట్ల అక్షరం 203 డీపీఐ యంత్రానికి సుమారు 23 చుక్కల ఎత్తు. అందులోనే చ, దాని తలకట్టు, కింద ఛ వత్తు, వరసకూ వరసకూ మధ్య కాస్త ఊపిరి అన్నీ ఇమడాలి. వత్తుకు ఏడెనిమిది చుక్కలు దొరికితే గొప్ప. చ వత్తునూ ఛ వత్తునూ వేరుచేసే ఆ చిన్న గీతకు మిగిలేది ఒకటో రెండో. అది కాస్త ఉబ్బితే వత్తులో కలిసిపోతుంది, కాస్త తగ్గితే మాయమవుతుంది. రెండు రకాలుగానూ మిగిలేది ‘స్వచ్చ’. అదే 300 డీపీఐ హెడ్ అయితే ఎత్తు 33 చుక్కలు, ఆ గీతకు ప్రాణం నిలుస్తుంది. అందుకే నా లెక్కలో ప్రింటర్ ఎంచుకోవడం వేగంతోనో బ్లూటూత్‌తోనో మొదలుకాదు. మీ లేబుల్ మీద చదవబడాల్సిన అతి చిన్న వత్తు ఏదో చూసుకోండి, దాన్నిబట్టి హెడ్ ఎంచుకోండి. తెలుగును పెద్దగా, 12 పాయింట్లకు తగ్గకుండా వేసే ఉద్దేశముంటే 203 చాలు, డబ్బు ఆదా. మూలకు నెట్టే ఉద్దేశముంటే 300 తప్పదు.

ఇక్కడ ఒక తమాషా ఉంది. గోదాముల కోసం తయారైన ఖరీదైన ప్రింటర్లకు తమ సొంత ఆజ్ఞల భాష, సొంత ఫాంట్లు ఉంటాయి. వాటికి అక్షరాలుగానే తెలుగు పంపితే చాలా యంత్రాలు డబ్బాలు ముద్రిస్తాయి, లేదంటే పొల్లులు విడగొట్టి పక్కపక్కన పేరుస్తాయి. అరచేతిలో ఇమిడే చవక ఫోన్ ప్రింటర్‌లో మాత్రం తెలుగు చక్కగా వస్తుంది. దానికి భాషలేమీ రావు. ఫోనే అక్షరాలు కూర్చి, బొమ్మ చేసి పంపుతుంది. అది ఆ బొమ్మను కాలుస్తుంది. పెద్ద ప్రింటర్‌తోనూ చేయాల్సింది అదే: కంప్యూటర్‌లో విండోస్ డ్రైవర్ ద్వారా తెలుగును బొమ్మగా పంపాలి. డ్రైవర్‌లో లేబుల్ కొలత రోల్ కొలతే ఉండాలి, ముద్రణ నూటికి నూరు శాతం ఉండాలి, అక్షరం బూడిద రంగు కాక పూర్తి నలుపు కావాలి. బూడిద రంగును ఈ యంత్రం చుక్కలు చల్లి చూపిస్తుంది, అందులో వత్తులు చిల్లులు పడతాయి.

ఫాంటు సంగతి. తిరుమల కృష్ణ దేశికాచార్యులు రూపొందించిన ‘పోతన’ మీద మనవాళ్లకు మమకారం ఉండటం సహజం, కవి పోతన ఊరు బమ్మెర వరంగల్‌కు దూరమేమీ కాదు. కానీ దాని సన్నని గీత పుస్తకం పేజీకి అందం, 203 చుక్కల హెడ్‌కు పరీక్ష. రామభద్ర లాంటి లావు ఫాంటు సరుకు పేరుకు బాగుంటుంది, చిన్నక్షరాల్లో లోపలి ఖాళీలు మూసుకుపోతాయి. చిన్నక్షరాలకు నోటో సాన్స్ తెలుగులో మధ్యస్థ బరువుకే నా ఓటు.

బార్‌కోడ్‌ది ఇంకో రకం పట్టుదల. 890తో మొదలయ్యే 13 అంకెల కోడ్‌లో అతి సన్నని గీత ప్రామాణిక వెడల్పు 0.33 మిల్లీమీటర్లు. 203 యంత్రం చుక్క 0.125. రెండు చుక్కలు వేస్తే 0.25, అనుమతించే 80 శాతం కంటే సన్నం. మూడు వేస్తే 0.375, కాస్త లావైనా నిబంధనలోపలే. రెండున్నర చుక్కలనేది ఈ ప్రపంచంలో లేదు. కాబట్టి అటూ ఇటూ వదలాల్సిన తెల్లచోటుతో కలిపి కోడ్ 42 మిల్లీమీటర్లు దాటుతుంది. 50 మిల్లీమీటర్ల స్టిక్కర్‌లో పడుతుంది, పక్కన ఇంకేమీ పట్టదు. మౌస్‌తో లాగి కోడ్‌ను కుదించేవాళ్ల గీతలు కొన్ని రెండు చుక్కలు, కొన్ని మూడు అవుతాయి. కంటికి తేడా తెలియదు, స్కానర్‌కు తెలుస్తుంది.

కాగితం విషయంలో వరంగల్ ఎండను మరిచిపోకూడదు. వేడికి నల్లబడే కాగితం వేడికే మొత్తంగా నల్లబడుతుంది. మేలో అద్దాలు మూసి నిలిపిన వ్యాన్‌లో కొన్ని గంటలు చాలు, స్టిక్కర్ మాసిపోతుంది. నూనె తగిలితే తిరగబడి, అక్షరాలే వెలిసిపోతాయి. కొరియర్ పెట్టె మీదికీ, వారంలో అమ్ముడుపోయే పొడి సరుకుకూ ఆ కాగితం సరిపోతుంది. ఆవకాయ సీసాకు మాత్రం వేడికి కరిగే మసి పూసిన రిబ్బన్ వాడే యంత్రమే కావాలి. క్రోమో కాగితమైతే వ్యాక్స్ రిబ్బన్. నూనె తుడుచుకోవాల్సిన సీసాకైతే పీపీ (పాలీప్రొపైలిన్) లేబుల్, వ్యాక్స్-రెజిన్ రిబ్బన్. రిబ్బన్‌కు మసి ఏ వైపు ఉందో తెలియకపోతే ఒక స్టిక్కర్ జిగురు వైపు దానికి ఆనించి లాగండి, నల్లగా అంటిన వైపే మసి. శాకాహార గుర్తుకు పచ్చ రంగు కావాలి, ఒక్క నలుపుతో పనిచేసే ఈ యంత్రం దాన్ని ఇవ్వలేదు. కాబట్టి ఆ గుర్తూ బ్రాండు బొమ్మా ప్రెస్‌లో ముందే వేయించిన రోల్ తెచ్చుకుని, మారే వివరాలను మాత్రమే ఇంట్లో కొట్టుకోవడం తెలివైన పద్ధతి.

స్టిక్కర్ రోల్‌లోనూ పనితనం ఉంది. పై కాగితాన్ని మాత్రమే కోసి, కింది సిలికాన్ పూత కాగితానికి గాటు పడకుండా ఆగే కత్తి అది. స్టిక్కర్‌కూ స్టిక్కర్‌కూ మధ్య మూడు మిల్లీమీటర్ల గ్యాప్ ఉంటుంది. దాని గుండా దాటే పరారుణ కాంతిని బట్టి యంత్రం లేబుల్ ఎక్కడ మొదలైందో తెలుసుకుంటుంది. కొత్త రకం రోల్ వేసిన ప్రతిసారీ కాలిబ్రేషన్ చేయించాలి. అప్పుడది నాలుగైదు ఖాళీ స్టిక్కర్లు నడిపించి, కాగితం ఎంత దట్టమో గ్యాప్ ఎంత పలుచనో కొలుచుకుంటుంది. ఆ నాలుగు స్టిక్కర్లు దండగని మానేస్తే తర్వాత నలభై దండగ. డార్క్‌నెస్‌ను నడిమి అంకెతో మొదలుపెట్టి, నలుపు చెడకుండా ఎంత తగ్గించగలిగితే అంత తగ్గించాలి. వేగం కూడా అంతే. తెలుగు ఉన్న లేబుల్‌కు సెకనుకు రెండు మూడంగుళాలు చాలు.

ప్రింటర్‌ను మిర్చి పొడి గాలికి, పత్తి నూగుకు దూరంగా, వీలైతే వేరే గదిలో పెట్టాలి. రోల్ మార్చిన ప్రతిసారీ హెడ్‌ను ఐసోప్రొపైల్ ఆల్కహాల్ అద్దిన మెత్తటి గుడ్డతో తుడవాలి. అతుక్కున్న స్టిక్కర్‌ను బ్లేడుతో గీకడం హెడ్‌ను చంపడమే. ముద్రణలో నిలువునా తెల్లగీత కనిపించి, తుడిచినా పోకపోతే ఒక చుక్క చచ్చిందన్నమాట. బార్‌కోడ్ గీతలు కాగితం నడిచే దిశలోనే ఉంటే ఆ చచ్చిన చుక్క ఒక గీతను చీలుస్తుంది లేదా సన్నబరుస్తుంది, కోడ్ చదవబడకపోవచ్చు. కోడ్‌ను అడ్డంగా తిప్పితే నిచ్చెన మెట్లలా ప్రతి గీతకూ ఒకేచోట చిన్న ఖాళీ పడుతుంది, స్కానర్ పక్కనుంచి చదివేస్తుంది. కొత్త హెడ్ వచ్చేదాకా ఈ ఉపాయంతో పని నడుస్తుంది. హెడ్ ఆయుష్షును తయారీదార్లు సాధారణంగా పొడవులో చెబుతారు. 25 కిలోమీటర్లనుకుంటే, 50 మిల్లీమీటర్ల పొడవున్న స్టిక్కర్లు ఐదు లక్షలు. రోజుకు రెండు వందలు కొట్టే ఇంటికి ఆరేడేళ్లకు తక్కువ రాదు. ఈలోపు యంత్రం కంపెనీ ఆ మోడల్ మానేయొచ్చు. అందుకని కొనే రోజే అడగాల్సిన ప్రశ్న ఒకటుంది: దీని హెడ్ విడిగా దొరుకుతుందా, ఎంతకు?