మెసేజ్ ఎవరి ఫోన్‌కి వస్తుంది?

ఇంటిల్లిపాదికీ ఒకే కార్డు పెట్టడమంటే కిరాణా కొట్లో ఖాతా తెరిచి పిల్లల్ని పంపడమే. కాకపోతే కొట్టాయన "ఏరా, నిన్ననేగా తీసుకెళ్లావు?" అని ఆపేవాడు. ఫోన్ ఆపదు.

గూగుల్ ప్లేలో ఫ్యామిలీ గ్రూప్ పెడితే మేనేజర్ కాక మరో ఐదుగురిని చేర్చుకోవచ్చు. ఉమ్మడి కార్డు మీద వాళ్లేం కొన్నా రసీదు మేనేజర్ మెయిల్‌కి వస్తుంది. పిల్లలు ముందు అనుమతి అడిగేలా పెట్టుకోవచ్చు. యాపిల్‌లో అయితే సభ్యుల సొంత బ్యాలెన్స్ ముందు ఖర్చవుతుంది, ఆపైన ఆర్గనైజర్ నెత్తిన. ఇంతవరకూ సెట్టింగుల పని, కాసేపట్లో అయిపోతుంది.

పేచీ అంతా ఎవరి కార్డన్న దగ్గరే. చాలా ఇళ్లలో పెద్ద జీతం ఎవరిదైతే వాళ్లదే పెట్టేస్తారు. నా లెక్క వేరు. బ్యాంకు మెసేజ్‌లు చదివే అలవాటు ఎవరికుందో వాళ్లది పెట్టాలి. మా ఇంట్లో ఆ అలవాటున్నది మా అత్తగారికొక్కరికే. గ్యాస్ బుకింగ్ దగ్గర్నుంచి లాటరీ మోసాల దాకా కళ్లజోడు పెట్టుకుని మరీ చదువుతారు. అందుకే మేనేజర్ని నేనైనా, కార్డు ఆవిడది. పెన్షన్ ఖాతాది కాదు, దాని జోలికి వెళ్లం. వేరే చిన్న సేవింగ్స్ ఖాతా ఉంది, నెల మొదట్లో మేమిద్దరం అందులో కొంత వేస్తాం.

2021 అక్టోబరు నుంచి రిజర్వు బ్యాంకు నిబంధన ఒకటి అమల్లో ఉంది. నెలనెలా కార్డులోంచి తనంతట తాను పోయే సొమ్ముకి కనీసం 24 గంటల ముందు బ్యాంకు కబురు చెప్పాలి, వద్దనుకుంటే ఆపుకునే వీలివ్వాలి. 2022 జూన్ తర్వాత ₹15,000 దాకా ప్రతిసారీ ఓటీపీ అక్కర్లేదు. అంటే మామూలు ఇంట్లో ఆ మెసేజే కాపలా. అది రాగానే అత్తగారు వంటింటి గుమ్మంలోకొచ్చి, "మ్యాచ్‌లైపోయాయిగా, ఇంకా ఎవర్రా ఆ యాప్‌కి కట్టేది?" అంటారు.

"ఆ యాప్ ఎప్పుడో తీసేశా నానమ్మా" అంటాడు మావాడు. యాప్ తీసేస్తే చందా ఆగదు. ప్లే స్టోర్‌లో సబ్‌స్క్రిప్షన్లలోకి వెళ్లి రద్దు చెయ్యాలి. ఆ సంగతి మనవడికి నేర్పింది నానమ్మే.

ఉద్యోగానికి హైదరాబాద్ వెళ్లిన మా అమ్మాయి మాత్రం కొనుక్కునేవి తన యూపీఐతోనే కొనుక్కుంటుంది. సరైన పనే. ఇరవై మూడేళ్ల పిల్ల ఏ పుస్తకం కొన్నదో నా మెయిల్‌కి రసీదుగా రావక్కర్లేదు. సినిమాల ప్లాన్‌లో తన వాటా మాత్రం నానమ్మ ఖాతాకి పంపుతుంది, అదీ రెండుసార్లు అడిగించుకుని.