కాగితం అడగని తలుపు

ఇచ్చోడ 44వ నంబరు జాతీయ రహదారి మీదున్న మండల కేంద్రం. ఒకవైపు నిర్మల్, ఇంకోవైపు ఆదిలాబాద్. భర్త కొట్టే దెబ్బలు తట్టుకోలేక ఒకామె పదేళ్ల కొడుకును వెంటేసుకుని ఇక్కడ ఆదిలాబాద్ బస్సెక్కిందనుకుందాం. ఒంటి మీది బట్టలు తప్ప చేతిలో ఏమీ లేవు. డాక్టరు చీటీ లేదు, పోలీసు ఫిర్యాదు లేదు, ఆధార్ కార్డు అత్తింటి బీరువాలోనే ఉండిపోయింది. గృహహింస చట్టానికి 2006లో నియమాలు రాసినవాళ్లు ఇలాంటి మనిషినే కళ్ల ముందు పెట్టుకుని 16వ నియమం రాశారని నాకు అనిపిస్తుంది.

బాధితురాలు గానీ, ఆమె తరఫున రక్షణాధికారి గానీ, సేవా సంస్థ గానీ అడిగితే ఆశ్రయ గృహం చోటివ్వాల్సిందేనని చట్టంలోని 6వ సెక్షన్ అప్పటికే చెప్పింది. మామూలు ముసాయిదా అయితే అక్కడితో ఆగిపోయేది. కానీ ఎంత గట్టి చట్టమున్నా గుమ్మం దగ్గర కూర్చున్న మనిషి "కాగితం ఏది?" అని అడుగుతాడని నియమాలు రాసినవాళ్లకు తెలుసు. అందుకే గృహహింస ఘటన నివేదిక ఇంకా నమోదు కాలేదన్న సాకుతో ఆమెను వెనక్కి పంపకూడదని 16వ నియమంలో విడిగా రాశారు. ఆమె కోరితే, అక్కడ తలదాచుకున్న సంగతి అవతలి పక్షానికి తెలియనివ్వకూడదని కూడా రాశారు. రెండు చిన్న వాక్యాలు. ఆఫీసు నడక తెలిసినవాళ్లే అలా రాయగలరు.

తలుపు తెరిచాక లోపల గది ఉండాలి, అన్నం ఉండాలి, కాపలా ఉండాలి. దానికి డబ్బు కావాలి. 1969లో మొదలైన స్వల్పకాలిక నివాసాలు, 2001-02లో వచ్చిన స్వధార్ పథకం కలిసి తర్వాత స్వధార్ గృహాలయ్యాయి. 2022 ఏప్రిల్ నుంచి కేంద్ర ప్రభుత్వ మిషన్ శక్తి పథకం కింద వాటిని శక్తి సదన్ అంటున్నారు. ఈ కొత్త పథకంలో నిధులను పంచిన తీరు నాకు బాగా నచ్చింది. హింసకు గురైన మహిళలకు తక్షణ సాయం చేసే సఖి కేంద్రాలకూ, 181 మహిళా హెల్ప్‌లైన్‌కూ మొత్తం సొమ్ము కేంద్రానిదే. శక్తి సదన్‌లలో మాత్రం తెలంగాణ లాంటి రాష్ట్రాలు నూటికి 40 వంతులు భరించాలి. అంటే ఆపదలో పరుగెత్తుకొచ్చినామె సఖిలో గడిపే మొదటి రాత్రి రెండు ఖజానాల లెక్క కుదిరేదాకా ఆగనక్కర్లేదు. సఖిలో ఐదు రోజుల వరకు ఉండొచ్చు. ఆ తర్వాత నెలల తరబడి ఉండే చోటు విషయంలో రాష్ట్రానికీ బాధ్యత పెట్టారు. నా భయం కూడా ఇక్కడే. రెండింట్లో ఏ వాటా ఆలస్యమైనా ఆ దెబ్బ ముందుగా తగిలేది వంటింటికి.

శక్తి సదన్‌లో ఉన్న ప్రతి మహిళ పేరిట ఖాతా తెరిచి నెలకు 500 రూపాయలు వేస్తారు. వెళ్లిపోయే రోజున వడ్డీతో సహా ఆమె చేతికిస్తారు. పథకం మొత్తంలో నేను మళ్లీ మళ్లీ చదువుకున్నది ఈ ఒక్క ఏర్పాటునే. ఆశ్రయం మీద రాసే పథకాలు ఎంతమందిని చేర్చుకున్నారో లెక్కగడతాయి, బయటికెళ్లే రోజును మరిచిపోతాయి. ఏడాది ఉంటే 6 వేలు. చాలా తక్కువ మొత్తం, పెంచాలి, అందులో రెండో మాట లేదు. అయినా చిన్న గదికి అడ్వాన్సు కట్టుకోవడానికో, కుట్టుమిషను కొనుక్కునేందుకు కొంత కూడబెట్టుకోవడానికో అక్కరకొస్తుంది. డబ్బుల్లేక మళ్లీ భర్త గడపే తొక్కేవాళ్లెందరో ఉన్నారు గనక ఈ పద్దు విలువ అంకెకన్నా పెద్దది.

కొడుకు సంగతి కూడా ఆలోచించారు. స్వధార్ గృహంలో మగపిల్లలు 8 ఏళ్లు దాటితే తల్లి దగ్గర ఉండటానికి లేదు. ఇప్పుడు ఆ వయసును 12కు పెంచారు. తండ్రి కొడుతుంటే చూసిన పిల్లవాణ్ని అదే వారంలో తల్లి నుంచీ విడదీయడం ఎంత క్రూరమో ఎవరో ఒకరు గట్టిగా వాదించి ఉంటారు.

శక్తి సదన్‌లో ఆశ్రయం ఎల్లకాలం సాగదు, సాగాల్సిన పనీ లేదు. గృహహింస చట్టం 19వ సెక్షన్ కింద అదే స్థాయిలో వేరే ఇల్లు చూపించమనో, అద్దె కట్టమనో భర్తను ఆదేశించే అధికారం మేజిస్ట్రేటుకు ఉంది. దరఖాస్తు అందాక మామూలుగా 3 రోజుల్లోపు మొదటి విచారణ జరగాలి. అత్తమామల పేరున్న ఇంట్లోనూ కోడలికి నివాస హక్కు ఉండొచ్చని 2020 అక్టోబరు 15న సుప్రీంకోర్టు చెప్పింది. 2006 నాటి తన తీర్పునే సరిదిద్దుకుంది.

ఆదిలాబాద్ జిల్లా వరకు నేను ఒకటే కోరతాను. ఈ ప్రాంతంలో గోండి, లంబాడీ, మరాఠీ మాతృభాషలుగా ఉన్న ఆడవాళ్లు తమ మీద జరిగిన హింసను తెలుగులో పూర్తిగా చెప్పుకోలేకపోవచ్చు. గోండి తెలిసిన కౌన్సెలర్ జీతానికి శక్తి సదన్ గ్రాంటులో విడిగా ఒక పద్దు రాయాలి. 16వ నియమాన్ని అంత జాగ్రత్తగా రాయగలిగిన దేశానికి ఇది పెద్ద పనేమీ కాదు.